తాళంచెవి ఎవరి దగ్గరుంది? భవనాన్నీ సభనీ వికలాంగుల వైపు నుంచి తనిఖీ చేయడం గురించి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ సంస్థ వాడుకుంటున్న మూడంతస్తుల భవనం వికలాంగులకు ఎంతవరకు పనికొస్తుందో చూసి రిపోర్టు ఇమ్మన్నారు. రెండు నెలల్లో అక్కడే రెండు రోజుల సదస్సు కూడా ఉంది. చేతిలో ఒక చెక్‌లిస్ట్ పెట్టారు. అది నింపితే సరిపోతుందా, ఒక పూట వీల్‌చైర్ తెచ్చుకుని నేనే కూర్చుని తిరిగితే అర్థమవుతుందా, మొత్తం ఎంత టైం పడుతుంది అని మీ ప్రశ్నలు.

చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. చెక్‌లిస్ట్ సరిపోదు. వీల్‌చైర్ సంగతికి తర్వాత వస్తాను.

చెక్‌లిస్ట్ ఎందుకు చాలదో నాకు ఒక టాయిలెట్ నేర్పింది. కొత్తలో ఒక ఆఫీసు భవనం చూసి రిపోర్టు రాశాను. వీల్‌చైర్‌కి సరిపడే టాయిలెట్ ఉంది, తలుపు వెడల్పు బాగుంది, గోడకి పట్టుకునే కడ్డీలున్నాయి. అన్ని గళ్లలోనూ టిక్కు పెట్టాను. నెల తర్వాత వీల్‌చైర్ వాడే నా సహోద్యోగి ఒకావిడ అక్కడికి మీటింగుకి వెళ్లింది. టాయిలెట్‌కి తాళం. చెవి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ దగ్గర, ఆయనేమో పక్క బ్లాకులో. చెవి దొరికి తలుపు తీసేసరికి లోపల బకెట్లు, మాప్‌లు, ఫినాయిల్ డబ్బాలు. ఆవిడ మీటింగ్ వదిలేసి ఇంటికెళ్లిపోయింది. నేను వెళ్లిన రోజున మాత్రం ఆడిట్ అని తెలిసి అన్నీ తీసేసి కడిగి పెట్టారు. నా టిక్కు అబద్ధం కాదు గానీ దానివల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదు.

అప్పట్నుంచీ తాళం ఉన్న ప్రతి తలుపు దగ్గరా రెండు ప్రశ్నలు అడుగుతాను. చెవి ఎవరి దగ్గరుంది? ఆయన సెలవు పెడితే? నేను చూసిన సమస్యల్లో సగానికి సగం సిమెంటుతో వచ్చినవి కావు, ఇలా వాడకంలో పుట్టినవే. లిఫ్టు ఉంటుంది, భోజనం వేళకి ఆపేస్తారు. ర్యాంప్ ఉంటుంది, దాని కాళ్ల దగ్గర బైకులు పెడతారు. రెండు రెక్కల తలుపు మొత్తం 120 సెం.మీ. ఉంటుంది, కానీ ఒక రెక్కకి పైన గడియ వేసేసి ఉంటుంది కాబట్టి దారి 60 సెం.మీ. మాత్రమే.

కాబట్టి వస్తువుల జాబితాగా కాకుండా ప్రయాణంగా చూడండి. ఒక మనిషిని తీసుకోండి, ఆ మనిషి వచ్చే దారంతా నడవండి. ఫోన్లో అడ్రసు వెతకడం, బస్సో కారో దిగడం, గేటు, ముంగిలి, గుమ్మం, రిసెప్షన్, లిఫ్టు, గది, టాయిలెట్, మళ్లీ బయటికి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మిగతావన్నీ ఎంత గట్టిగా ఉన్నా దండగే. పది అంశాల్లో తొమ్మిది బాగున్నాయి కాబట్టి 90 మార్కులు అని రాసే రిపోర్టులంటే అందుకే నాకు చిరాకు. తెగిన ఆ ఒక్కటీ గేటు దగ్గర ఉంటే ఆ మనిషికి దక్కేది సున్నా. అదే దారిని ఇంకో మనిషిగా మళ్లీ నడవండి: చూపు లేని మనిషిగా, వినపడని మనిషిగా, పది అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకోవాల్సిన మనిషిగా, గోలకీ మెరిసే లైట్లకీ తల తిరిగే మనిషిగా. ప్రతిసారీ వేరే చోట తెగుతుంది.

ఇక కొలతలు. ముందు మీకు ఏ ప్రమాణం వర్తిస్తుందో తేల్చుకోండి. అమెరికాలో ఏడీఏ (అక్కడి వికలాంగుల హక్కుల చట్టం) 2010 ప్రమాణాలు, భారత్‌లో 2021 మార్గదర్శకాలు, అంతర్జాతీయంగా ఐఎస్‌ఓ 21542 అనే ప్రమాణం. అంకెల్లో కొద్దికొద్ది తేడాలుంటాయి. రిపోర్టు మొదటి పేజీలోనే ఏది పట్టుకుని కొలిచారో రాసేయండి, లేకపోతే తర్వాత ప్రతి సెంటీమీటరుకీ వాదన అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు దొరికేది ర్యాంప్ దగ్గరే. మూడు మెట్ల గుమ్మం అనుకోండి. మెట్టుకి 15 చొప్పున 45 సెం.మీ. ఎత్తు. 1:12 వాటం, అంటే ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు, రావాలంటే 5.4 మీటర్లు కావాలి. ముందు అంత జాగా ఉండదు, ఉన్న 2.7 మీటర్లలోనే సర్దేస్తారు. అది 1:6 అవుతుంది. దాన్ని ర్యాంప్ అనకూడదు, సామాన్లు దించుకునే జారుడుబల్ల అనాలి. కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు, తాపీ మేస్త్రీలు వాడే 60 సెం.మీ. రసమట్టం చాలు. ఒక చివరని ర్యాంప్‌కి పైవైపు ఆనించి, రెండో చివరని బుడగ మధ్యకొచ్చేదాకా పైకెత్తండి. ఎత్తిన చివర కింద ఏర్పడిన సందుని టేపుతో చూడండి. 5 సెం.మీ. ఉంటే 1:12. ఏడున్నర ఉంటే 1:8. 10 ఉంటే 1:6. పైన, మధ్యలో, కింద మూడు చోట్లా కొలవండి, ఎక్కువ వచ్చిందే రాయండి. చివరి అడుగులో నేలకి కలపడానికి మేస్త్రీలు గబుక్కున వంచేస్తారు, ముందు చక్రాలు ఇరుక్కునేది సరిగ్గా అక్కడే. తర్వాత రసమట్టాన్ని అడ్డంగా పెట్టి చూడండి. ఏడీఏ లెక్కన పక్కవాటం 1:48 దాటకూడదు. దాటితే వీల్‌చైర్ బండి ఒకవైపుకి లాగేస్తుంటుంది, చేతులతో నెట్టుకునే మనిషికి ఒక భుజమే నలిగిపోతుంది.

1:12 అనేది గరిష్ఠం. అంతకన్నా తక్కువ వాటం ఉంటే ఇంకా మంచిది. ఇది చాలామంది ఆర్కిటెక్టులకే పట్టదు. ఇంగ్లండ్ భవన నిబంధనల మార్గదర్శకంలో 1:12 వాటం 2 మీటర్ల పొడవు వరకే, 5 మీటర్లయితే 1:15, 10 మీటర్లయితే 1:20. పొడుగు పెరిగేకొద్దీ చేతులు అలసిపోతాయి కదా, దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. అమెరికా లెక్కలో ఒక విడతలో 76 సెం.మీ. ఎత్తు దాటితే మధ్యలో చదునైన ల్యాండింగ్ ఉండాలి. చేతిపట్టు కూడా ర్యాంప్ అయిపోయిన చోటే తెగిపోకుండా ఇంకో 30 సెం.మీ. ముందుకి సాగాలి. ఆఖరి అడుగు వేసేటప్పుడే మనిషికి ఆసరా కావాలి.

తలుపుల దగ్గర వెడల్పంటే చట్రానికీ చట్రానికీ మధ్య కొలిచేది కాదు. తలుపుని 90 డిగ్రీలు తెరిచి, ఆ రెక్క ముఖం నుంచి అవతలి చట్రం దాకా మిగిలిన ఖాళీని కొలవాలి. ఏడీఏ కనీసం 81.5 సెం.మీ. అంటుంది, భారత మార్గదర్శకాలు 90 అంటాయి. బరువు చూడటానికి సామాన్లు తూచే స్ప్రింగ్ కాటా కొక్కేన్ని హ్యాండిల్‌కి తగిలించి లాగండి. లోపలి తలుపులకి ఏడీఏ పరిమితి 22 న్యూటన్లు, కాటా మీద సుమారు 2.3 కిలోలు. తలుపు దానంతటదే మూసుకునేలా చేసే క్లోజర్‌ని బిగించేసిన చోట ఐదారు కిలోలు చూపించడం నేను చూశాను. ఇంకొకటి, తలుపు మన వైపుకి లాగాల్సింది అయితే హ్యాండిల్ ఉన్న పక్కన గోడ వెంట కనీసం 45 సెం.మీ. ఖాళీ ఉండాలి. లేకపోతే వీల్‌చైర్‌లో ఉన్న మనిషి తలుపు లాగితే అది తన మోకాళ్లకే తగులుతుంది, తప్పుకోవడానికి పక్కన చోటుండదు. అక్కడో పూలకుండీ పెట్టేస్తారు, అందంగా ఉంటుందని.

టాయిలెట్ దగ్గర తొందరపడకండి. లోపలికెళ్లి తలుపు వేసుకుని కనీసం పది నిమిషాలు ఉండండి. బండి పూర్తిగా తిరగడానికి 1.5 మీటర్ల చోటు ఉందా? కమోడ్ పక్కన బండి ఆపుకుని పక్కకి జరిగి కూర్చోవడానికి ఖాళీ ఉందా, లేక చెత్తబుట్ట పెట్టారా? సీటు ఎత్తు 43 నుంచి 48 సెం.మీ. మధ్య ఉంటే వీల్‌చైర్ సీటుతో సమంగా వస్తుంది. కడ్డీని చేత్తో కదిపి వదిలేయకండి, మీ బరువంతా వేసి వేలాడండి. ఏడీఏ లెక్కన కడ్డీ సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలి. పలచటి తడిక గోడకి రెండు స్క్రూలు కొట్టి బిగించినవి నా చేతిలోనే ఊడొచ్చిన సందర్భాలున్నాయి. వాటి మీద భరోసా పెట్టుకుని పడే మనిషి ఇంకొకరు. వాష్‌బేసిన్ కింద మోకాళ్లు పట్టాలి. అక్కడ వేడినీళ్ల పైపు ఉంటే దానికి తొడుగు ఉందో లేదో తడిమి చూడండి. వెన్నెముక దెబ్బ తిన్న చాలామందికి కాళ్లలో స్పర్శ ఉండదు, చర్మం కాలుతున్నా తెలియదు.

అత్యవసర తాడు సంగతి ఒక్కసారి చూడండి. కమోడ్ పక్కన ఎర్రతాడు వేలాడుతుంటుంది, పడిపోయిన మనిషి నేలమీద నుంచి లాగి సాయం పిలవడానికి. అందుకే అది దాదాపు నేలకి తగిలేలా ఉండాలి. ఊడ్చేవాళ్లకి అడ్డమని దాన్ని పైకి చుట్టి కడ్డీకి ముడేస్తారు. నేను ఎక్కడికెళ్లినా ముందు ఆ ముడి విప్పుతాను, తర్వాత తాడు లాగి గడియారం చూసుకుంటాను. ఒకచోట పన్నెండు నిమిషాలు నేలమీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు. బయటికొచ్చి చూస్తే రిసెప్షన్‌లో బజర్ మోగుతూనే ఉంది. అక్కడి అమ్మాయి పాపం, "అది అప్పుడప్పుడూ మోగుతుందండీ, ఆపడం ఎలాగో తెలీదు" అంది.

చూపు లేనివాళ్ల విషయంలో అందరి కళ్లూ నేలమీది గీతల పలకల మీదే ఉంటాయి. వాటిని జపాన్‌లో సెయీచి మియాకే 1965లో తయారుచేశారు, 1967లో ఒకాయామా నగరంలో మొదట పరిచారు. భాష చాలా చిన్నది. గీతలు ఉంటే ఈ దిక్కున నడువు అని, చుక్కలు ఉంటే ఆగు, ముందేదో ఉంది అని. మెట్ల ముందు గీతలు, ఖాళీ వరండాలో చుక్కలు పరిచిన చోట్లు చూశాను. తప్పుగా రాసిన సైన్‌బోర్డు లాంటిదే అది. వాటికన్నా ప్రమాదమైనది గోడ నుంచి పొడుచుకొచ్చే సామాను. తెల్లకర్ర నేల దగ్గర ఊగుతుంది కాబట్టి మోకాలి కింద ఉన్నదాన్ని పసిగడుతుంది. సుమారు 68 సెం.మీ. పైన, తలెత్తు లోపల, గోడ నుంచి 10 సెం.మీ. మించి బయటికొచ్చిన ఏ పెట్టె అయినా కర్రకి దొరకదు, నేరుగా మొహానికో ఛాతీకో తగులుతుంది. మంటలార్పే సిలిండర్ పెట్టెలు, టీవీ స్టాండ్లు, మెట్ల కింది ఏటవాలు. ఈ ఒక్క కొలత కోసం వరండాలన్నీ నడవండి. కొంత చూపు ఉన్నవాళ్లకి మెట్టు అంచున వేరే రంగు పట్టీ, గాజు తలుపు మీద గుర్తులు కావాలి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, అయినా ఉండవు.

లిఫ్టు గురించి రెండు మాటలే. మీటలు 120 సెం.మీ. లోపు ఎత్తులో ఉన్నాయా, అంతస్తు పేరు పలుకుతుందా. వెనక గోడకి అద్దం అలంకారం కోసం పెట్టింది కాదు, లోపల తిరగలేని బండి వెనక్కి వచ్చేటప్పుడు తలుపు చూసుకోవడానికి. ఇరుక్కుపోతే ఫోన్ ఒక్కటే ఉంటే వినపడని మనిషి ఏం చేయాలో అడగండి. జవాబు రాకపోతే అదే రాయండి.

ఇప్పుడు మీ వీల్‌చైర్ ప్రశ్న. మీరు కూర్చుని తిరిగితే మీకు అర్థమయ్యేది మీ చేతకానితనమే. పదేళ్లుగా దాన్నే కాళ్లుగా వాడుతున్న మనిషి మీరు ఆగిపోయిన గడపని అవలీలగా దాటుతుంది, మీరు గమనించకుండా దాటిన గచ్చు మీద జారుతుంది. కళ్లకి గంతలు కట్టుకోవడం ఇంకా తప్పు. చూపు పోయిన మొదటి గంట భయమే తెలుస్తుంది తప్ప కర్రతో నడిచే మనిషి నేర్పు తెలియదు. దానికి బదులు ముగ్గురు నలుగురు వికలాంగుల్ని, వేర్వేరు వైకల్యాలున్నవాళ్లని, మీతోపాటు నడవమని అడగండి. పని చేయించుకుంటున్నారు కాబట్టి మీకిచ్చే రేటే వాళ్లకీ ఇవ్వండి. నడిచేటప్పుడు "ఇది బాగుందా?" అని అడగొద్దు, మర్యాదకి బాగుందనేస్తారు. "ఇక్కడికి ఒంటరిగా వస్తే ఏం చేస్తారు?" అని అడిగి పక్కకి జరగండి.

సదస్సు విషయంలో భవనం ఒక ఎత్తు, ఆ రెండు రోజులు ఇంకో ఎత్తు. రిజిస్ట్రేషన్ ఫారంలో "మీరు వికలాంగులా? అవును/కాదు" అని అడిగితే మీకు పనికొచ్చేది ఏదీ తెలియదు. "మీరు పూర్తిగా పాల్గొనడానికి మా నుంచి ఏమేం కావాలి?" అని అడిగి, కింద గళ్లు ఇవ్వండి: సైగల భాష, క్యాప్షన్లు (మాటల్ని అప్పటికప్పుడు తెర మీద రాసి చూపించడం), వీల్‌చైర్ చోటు, సహాయకుడికి సీటు, స్లయిడ్లు ముందుగా. వచ్చిన జవాబుకి ఎవరు బాధ్యులో పేరు రాసుకోండి. అడిగి ఏర్పాటు చేయకపోవడం అడగకపోవడం కన్నా ఎక్కువ బాధిస్తుంది.

సైగల భాష ఇంటర్‌ప్రెటర్లని ఇద్దరిని పెట్టుకోవాలి, ఒక్కరు చాలరు. ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారుతుంటారు, అలసిపోతే అనువాదం చెడిపోతుంది. ఏ దేశపు సైగల భాషో కనుక్కోండి. ఇంగ్లీషు ఒకటే అయినా అమెరికా సైగలూ బ్రిటన్ సైగలూ ఒకరివి ఒకరికి అర్థం కావు. వాళ్లని వేదిక మీద వక్త పక్కనే, వెలుతురులో నిలబెట్టండి. స్లయిడ్ల కోసం హాల్లో లైట్లన్నీ ఆపేస్తారు, ఇంటర్‌ప్రెటర్ చేతులు చీకట్లో కలిసిపోతాయి. చిన్నప్పుడో పెద్దయ్యాకో వినికిడి తగ్గి సైగలు రానివాళ్లే ఎక్కువమంది ఉంటారు కాబట్టి క్యాప్షన్లు విడిగా కావాల్సిందే. హాల్లో హియరింగ్ లూప్ (మైకులోని మాటని నేరుగా వినికిడి మిషన్‌కి పంపే తీగ చుట్ట) ఉందని బోర్డు ఉంటే నమ్మేయకండి. ఆ లూప్‌ని అందుకునే టీ-కాయిల్ ఉన్న వినికిడి మిషన్ వాడే మనిషిని వెనక వరసలో, మూలల్లో కూర్చోబెట్టి పరీక్షించండి. ఇక సభల్లో "నా గొంతు పెద్దదేలెండి, మైకు అక్కర్లేదు" అనే పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. ఆయన గొంతు లూప్‌లోకి వెళ్లదు, క్యాప్షన్ రాసేవాళ్లకి చేరదు. ప్రశ్న అడిగేవాళ్లకి కూడా మైకు ఇవ్వాలని అధ్యక్షుడికి ముందే చెప్పి పెట్టండి.

వేదికకి ర్యాంప్ ఉందా? వికలాంగులు ప్రేక్షకుల్లోనే ఉంటారని, వక్తలుగా ఉండరని అనుకుని కట్టిన వేదికలే ఎక్కువ. వక్తని నలుగురు కుర్చీతో సహా ఎత్తి పైకి చేర్చి చప్పట్లు కొట్టించుకోవడం నేను చూశాను. అంత అవమానం నేను ఇంకో సభలో చూడలేదు. హాల్లో వీల్‌చైర్ చోట్లు అన్నీ ఆఖరి వరసలో కుప్పగా పెట్టొద్దు. ఏడీఏ లెక్కన 151 నుంచి 300 సీట్లున్న హాల్లో కనీసం 5 ఉండాలి, ప్రతిదాని పక్కనా తోడొచ్చినవాళ్లకి సీటుండాలి. ముందువాళ్లు లేచి నిలబడితే వేదిక కనిపిస్తుందో లేదో కూర్చుని చూడండి. మెరిసే లైట్లు సెకనుకి మూడుసార్లు దాటి కొట్టకూడదు, మూర్ఛ వచ్చేవాళ్లకి ప్రమాదం. ఒక గదిని ఖాళీగా, మందమైన వెలుతురుతో, నిశ్శబ్దంగా ఉంచండి. దాన్ని వాలంటీర్లు సామాన్ల గది చేయకుండా తలుపు మీద రాసి పెట్టండి.

అగ్నిప్రమాదం గురించి చెక్‌లిస్టుల్లో చివర ఎక్కడో ఉంటుంది. మంటలొస్తే లిఫ్టు వాడకూడదంటారు. మరి మూడో అంతస్తులో ఉన్న వీల్‌చైర్ మనిషి ఎలా దిగాలి? మెట్ల దగ్గర పొగ రాకుండా ఆగే సురక్షిత చోటు ఎక్కడుంది, అక్కడి నుంచి పిలవడానికి ఏముంది, మెట్ల మీద దించే కుర్చీ ఉంటే దాన్ని వాడటం ఈ షిఫ్టులో ఎవరికొచ్చు? ఆ కుర్చీని మీ కళ్ల ముందు తెరిచి చూపించమనండి. సీలు విప్పని కవర్లోనే ఉన్నవి ఎన్నో. వినపడనివాళ్లకి అలారం మెరుపు టాయిలెట్ లోపల కూడా ఉండాలి, ఎందుకంటే అక్కడ చెప్పడానికి పక్కన ఎవరూ ఉండరు. ఈ ప్రశ్నకి సరైన జవాబు లేకపోతే సదస్సుని కింది అంతస్తుకి మార్చమని రాయండి. నేనైతే అలాగే రాస్తాను.

రిపోర్టులో ప్రతి లోపానికి ఫొటో, కొలత, ఎవరు ఎక్కడ ఆగిపోతారు, ఏం చేయాలి, ఎవరు చేయాలి, ఎప్పటికి. వాటిని మూడు కుప్పలుగా వేయండి: ఇవాళే అయ్యేవి (తాడు ముడి విప్పడం, గడియ తీయడం, పూలకుండీ జరపడం), ఈ నెలలో అయ్యేవి, కట్టడం మార్చాల్సినవి. మొదటి కుప్పని మీరు అక్కడుండగానే చేయించేయండి, లేకపోతే మూడో కుప్ప బడ్జెట్ వచ్చేదాకా అదీ ఆగిపోతుంది. ఆహ్వానంలోనూ వెబ్‌సైట్‌లోనూ "వికలాంగులకు అనుకూలం" అనే ఒక్క మాట రాయనివ్వొద్దు. "గేటు నుంచి హాలు దాకా మెట్లు లేవు, లిఫ్టు తలుపు 80 సెం.మీ., రెండో అంతస్తు టాయిలెట్ వీల్‌చైర్‌కి పట్టదు" అని ఉన్నది ఉన్నట్టు రాస్తే వచ్చే మనిషి తనే తేల్చుకుంటుంది.

టైం అడిగారు. మూడంతస్తులకి ఇద్దరైతే ఒక పూర్తి రోజు కొలతలకి, ఇంకో పూట వికలాంగ సహచరులతో నడకకి. సదస్సుకి విడిగా మూడుసార్లు వెళ్లాలి: హాలు ఖాయం చేయకముందు, ముందు రోజు సాయంత్రం, మొదటి రోజు తలుపులు తెరవడానికి గంట ముందు. ఆ ఆఖరిది మానేయొద్దు. సాయంత్రానికి, పొద్దుటికి మధ్య స్పాన్సర్ల స్టాండీలు గీతల పలకల మీద నిలబడతాయి, కేబుళ్లు ర్యాంప్‌కి అడ్డంగా పడతాయి, రిజిస్ట్రేషన్ బల్ల వెడల్పు తలుపు ముందుకొస్తుంది. టాయిలెట్ చెవి ఎవరి జేబులో ఉందో ఆ గంటలో కనుక్కోండి. వీలైతే ఆ రెండు రోజులకీ తాళమే తీయించేయండి.